ఈ ఎత్తు వేయకపోతే ఏమవుతుంది? చదరంగంలో సంప్రదాయ ఓపెనింగులను అర్థం చేసుకుని నేర్చుకునే పద్ధతి

చదరంగం ఆడటం మొదలుపెట్టిన కొత్తలో స్పానిష్ అనే ఓపెనింగును, అంటే ఆట ఆరంభంలో ఆడే ఒక ఎత్తుల వరుసను, పన్నెండు ఎత్తుల దాకా ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పగలిగేవాణ్ణి. ఆ ధీమాతోనే ఒక టోర్నమెంటులో తెల్లపావులతో ఆ వరుస మొదలుపెట్టాను. నాలుగో ఎత్తులో గుర్రాన్ని బయటికి తీస్తాడనుకున్న ప్రత్యర్థి, డి వరుసలోని బంటును ఒక్క గడి ముందుకు జరిపాడు. నేను బట్టీపట్టిన వరుసలో ఆ ఎత్తు లేదు కాబట్టి అది తప్పుటెత్తే అయి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకొని, ఆలోచించకుండా డి4 ఆడేశాను. మరో ఆరు ఎత్తులు గడిచేసరికి నా బిషప్ మూడు నల్లబంట్ల నడుమ ఇరుక్కుని, కదలడానికి ఒక్క గడి కూడా లేక చచ్చిపోయింది.

ఆట నడిచిన తీరు ఇది (గుర్తుల అర్థం కాస్త కింద చెప్పాను): 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3 గుర్రం సి6 3. బిషప్ బి5 ఎ6 4. బిషప్ ఎ4 డి6 5. డి4 బి5 6. బిషప్ బి3 గుర్రం×డి4 7. గుర్రం×డి4 ఇ×డి4 8. మంత్రి×డి4 సి5 9. మంత్రి డి5 బిషప్ ఇ6 10. మంత్రి సి6 చెక్, బిషప్ డి7 11. మంత్రి డి5 సి4. తొమ్మిదో ఎత్తులో నా మంత్రి ఒకవైపు ఎఫ్7 దగ్గర ఆటకట్టును, మరోవైపు ఎ8 మూలనున్న ఏనుగును చూస్తుంటే గెలిచేశాననే అనుకున్నాను. బిషప్ ఇ6కు రావడంతో ఆ రెండు బెదిరింపులూ ఒక్కసారిగా ఆవిరైపోయాయి. ఈ ఉచ్చు చాలా పాతది, దీనికి నోవా ఓడ అని పేరు కూడా ఉందని ఆ తరువాత తెలిసింది. ఎనిమిదో ఎత్తులో బంటు మీద ఆశ వదులుకుని బిషప్‌ను డి5 గడికి పంపి ఉంటే ప్రమాదం తప్పేది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించింది ఓటమి కాదు. నేను బట్టీపట్టిన వరుసలో ఎనిమిదో ఎత్తుగా సి3 ఉంది. ఆ చిన్న బంటు ఎత్తు సి2 గడిని ఖాళీ చేసి బిషప్‌కు వెనక్కి వెళ్ళే దారి చూపుతుందనీ, డి4 దగ్గర మార్పిడి జరిగితే మంత్రి దిగకుండానే బంటుతో తిరిగి కొట్టే వీలు కల్పిస్తుందనీ నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సి3 వేయకపోతే ఏమవుతుందో ఒక్కసారి ప్రశ్నించుకుని ఉంటే, ఆ జవాబే నోవా ఓడ ఉచ్చు. అప్పటినుంచి ఏ ఓపెనింగు నేర్చుకున్నా ప్రతి ఎత్తు దగ్గరా ఆగి, ఈ ఎత్తు వేయకపోతే ఏమవుతుందని అడగడం అలవాటు చేసుకున్నాను. ఈ వ్యాసంలో చెప్పబోయే పద్ధతి మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పేర్లు, గుర్తుల గురించి ముందుగా ఒక మాట. బిషప్‌ను కొందరు శకటు అంటారు, కొందరు ఒంటె అంటారు. గందరగోళం రాకుండా ఇక్కడ బిషప్ అనే రాస్తున్నాను. మిగిలినవి రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు. నిలువు వరుసలను తెల్లపావుల ఎడమ చేతి నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని, అడ్డు వరుసలను 1 నుంచి 8 దాకా గుర్తిస్తాం. పావు పేరు లేకుండా గడి పేరు మాత్రమే ఉంటే అది బంటు ఎత్తు. ప్రతి అంకె తరువాత ముందు తెల్లవైపు ఎత్తు, ఆ వెంటనే నల్లవైపు ఎత్తు ఉంటాయి; అంకె తరువాత మూడు చుక్కలుంటే అది నల్లవైపు ఎత్తు. × గుర్తు ఎదుటి పావును కొట్టడాన్ని, 0-0 రాజువైపు కోట కట్టడాన్ని (రాజు రెండు గడులు పక్కకు జరిగి, ఏనుగు దాని అవతలి పక్కకు దూకడాన్ని) సూచిస్తాయి. ఇక్కడినుంచి చదివేటప్పుడు ఎదురుగా నిజమైన బల్లను, పావులను పెట్టుకోవడం మంచిది. తెర మీద ఎత్తులు వాటంతట అవే జరిగిపోతుంటే కన్ను చూస్తుంది గాని మనసు ఆగదు. చేత్తో పావును ఎత్తి పెట్టేటప్పుడు తప్పనిసరిగా ఒక క్షణం ఆగుతాం, ప్రశ్న పుట్టేది ఆ క్షణంలోనే.

సూత్రాలకూ కారణాలు ఉంటాయి

నడిమి గడులను పట్టుకోవాలి, పావులను త్వరగా మోహరించాలి, రాజును కోటలో భద్రపరచాలి అనే మూడు సూత్రాలు చదరంగం నేర్పే ప్రతివారూ చెప్పేవే. వాటిని వల్లించడం కంటే, అవి ఒక ఆటలో ఎలా పనిచేశాయో చూడటం వల్ల ఎక్కువ లాభం ఉంటుంది. అందుకు 1858లో పారిస్ ఒపేరా హాలులో పాల్ మార్ఫీ ఆడిన ఆటకు మించినది నాకు కనిపించలేదు. అతనికి ఎదురుగా బ్రన్స్‌విక్ డ్యూకు, ఒక కౌంటు కలిసి సంప్రదించుకుంటూ ఆడారు. 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3 డి6 3. డి4 బిషప్ జి4 4. డి×ఇ5 బిషప్×ఎఫ్3 5. మంత్రి×ఎఫ్3 డి×ఇ5 6. బిషప్ సి4 గుర్రం ఎఫ్6 7. మంత్రి బి3 మంత్రి ఇ7 8. గుర్రం సి3 సి6 9. బిషప్ జి5 బి5 10. గుర్రం×బి5 అని ఆట సాగింది.

నాలుగో ఎత్తు దగ్గర ఆగండి. నల్లవైపు వారు బిషప్‌తో గుర్రాన్ని ఎందుకు కొట్టారు? కొట్టకుండా వెంటనే బంటుతో ఇ5 గడిలోని బంటును తీసుకుంటే మంత్రులు మారిపోతాయి, నల్లరాజు డి8కు రావలసి వస్తుంది, ఆపైన తెల్లగుర్రం ఇ5 బంటును ఉచితంగా కొట్టి అక్కడినుంచి జి4 బిషప్ మీదికి కూడా గురిపెడుతుంది. అంటే మూడో ఎత్తులో బిషప్‌ను తొందరపడి బయటికి తెచ్చిన ఫలితంగా, నాలుగో ఎత్తులో దానిని ఇచ్చేయక తప్పలేదు. ఆ మార్పిడిలో తెల్లమంత్రి మోహరింపు ఖర్చు లేకుండా జరిగిపోయింది. ఎనిమిదో ఎత్తులో మార్ఫీ బి7 బంటును కొట్టగలిగీ కొట్టలేదు. కొడితే నల్లమంత్రి బి4కు వచ్చి చెక్ చెప్పి మంత్రుల మార్పిడికి దారితీస్తుంది, దాడి చల్లారిపోతుంది. పదో ఎత్తు నాటికి తెల్లవైపు నాలుగు పావులు రంగంలో ఉన్నాయి. నల్లవైపు ఒక గుర్రం, తన సొంత బిషప్‌కే దారి మూసేసిన మంత్రి మాత్రమే ఉన్నాయి. తరువాత మార్ఫీ ఏనుగును, చివరికి మంత్రిని కూడా బలిచ్చి 17వ ఎత్తులో ఆట కట్టించాడు. ఆట ముగిసేదాకా ఎఫ్8 బిషప్, హెచ్8 ఏనుగు పుట్టిన గడి దాటనే లేదు.

అయితే సూత్రాన్ని కూడా బట్టీపట్టకూడదు. రాజు కోట కట్టుకోవాలన్నది నియమమైతే, 2000లో లండన్‌లో గ్యారీ కాస్పరోవ్‌తో ప్రపంచ టైటిల్ కోసం తలపడిన వ్లదిమిర్ క్రామ్నిక్ నల్లపావులతో ఆడిన బర్లిన్ రక్షణ ఆ నియమాన్ని బాహాటంగా ఉల్లంఘిస్తుంది: 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3 గుర్రం సి6 3. బిషప్ బి5 గుర్రం ఎఫ్6 4. 0-0 గుర్రం×ఇ4 5. డి4 గుర్రం డి6 6. బిషప్×సి6 డి×సి6 7. డి×ఇ5 గుర్రం ఎఫ్5 8. మంత్రి×డి8 చెక్, రాజు×డి8. నల్లరాజు ఇక కోట కట్టలేడు, బల్ల నడుమ నిలబడిపోయాడు. కాని మంత్రులు బల్ల మీద లేనప్పుడు రాజును వేటాడేది ఎవరు? రాజు దాక్కోవాలన్న నియమానికి మూలకారణమే తొలగిపోయింది కాబట్టి నియమం కూడా సడలిపోతుంది. ఆ పోటీలో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేకపోయాడు. అందుకు గోడలా నిలిచిన ఈ రక్షణ ఒక ముఖ్య కారణం.

స్పానిష్ ఓపెనింగు: ఎత్తు ఎత్తుకూ ఒక సంభాషణ

సంప్రదాయ ఓపెనింగులలో ఒక్కదాన్నే లోతుగా నేర్చుకోమంటే నేను స్పానిష్‌నే ఎంచుకోమంటాను. 1561లో చదరంగం మీద పుస్తకం ప్రచురించిన స్పెయిన్ దేశపు మతాచార్యుడు రుయ్ లోపెజ్ పేరు మీదుగానే ఇది ఇప్పటికీ చలామణి అవుతోంది. ఇందులో ప్రతి ఎత్తూ ముందరి ఎత్తుకు జవాబుగా ఉంటుంది. అందుకే మన ప్రశ్నను సాధన చేయడానికి దీనికి మించిన నేల లేదు.

తెల్లబిషప్ బి5కు వచ్చి సి6 గుర్రం మీద గురిపెడుతుంది. ఆ గుర్రమే ఇ5 బంటును కాపాడుతోంది కాబట్టి, గుర్రాన్ని కొట్టి బంటును తీసుకోవడం తెల్లవైపు ఉద్దేశమని కొత్తవారు అనుకుంటారు. అలా అయితే నల్లవైపు 3...ఎ6 అని తీరిగ్గా బిషప్‌ను ఎందుకు కదిలిస్తుంది? పావులు పెట్టి చూడండి: 4. బిషప్×సి6 డి×సి6 5. గుర్రం×ఇ5 మంత్రి డి4. నల్లమంత్రి ఒకేసారి ఇ5 గుర్రాన్ని, ఇ4 బంటును పట్టుకుంది. గుర్రం వెనక్కి తగ్గితే మంత్రి ఇ4 బంటును చెక్‌తో కొడుతుంది. గెలుచుకున్న బంటు తిరిగి చేజారిపోయింది, పైగా మంచి బిషప్ ఖర్చయిపోయింది. అంటే మూడో ఎత్తు నాటికి ఆ బెదిరింపు ఉత్తుత్తిదే.

ఇప్పుడు ఒక చిన్న మార్పు చేయండి. 4. బిషప్×సి6 డి×సి6 తరువాత తెల్లవైపు గుర్రంతో బంటును కొట్టకుండా 5. 0-0 ఆడిందనుకుందాం. నల్లవైపు ఏమరుపాటుగా ఉంటే 6. గుర్రం×ఇ5 మంత్రి డి4 7. గుర్రం ఎఫ్3 మంత్రి×ఇ4 8. ఏనుగు ఇ1 వస్తుంది, నల్లమంత్రి తన రాజు ముందే చిక్కుకుని పోతుంది. కోట కట్టడంతో ఏనుగు ఇ1కు చేరువైంది కాబట్టి, ఉత్తుత్తి బెదిరింపు నిజమైన బెదిరింపుగా మారింది. ఈ ఐదో ఎత్తునే బాబీ ఫిషర్ 1966 హవానా ఒలింపియాడ్‌లో పైకి తెచ్చాక, అప్పటిదాకా నిస్సారంగా అనిపించిన ఈ మార్పిడి వరుసకు కొత్త ప్రాణం వచ్చింది. ఈ మెలిక పట్టుబడితే ప్రధాన వరుస సగం అర్థమైనట్టే.

ప్రధాన వరుస ఇది: 4. బిషప్ ఎ4 గుర్రం ఎఫ్6 5. 0-0 బిషప్ ఇ7 6. ఏనుగు ఇ1 బి5 7. బిషప్ బి3 డి6 8. సి3 0-0 9. హెచ్3. ఐదో ఎత్తులో తెల్లవైపు ఇ4 బంటును కాపాడకుండా వదిలేసి కోట కట్టడం చూసి చాలామంది తికమకపడతారు. నల్లగుర్రం దాన్ని కొట్టవచ్చు, కొట్టే వరుసలు కూడా ఉన్నాయి. కాని ఇ వరుస తెరుచుకుంటే కోట కట్టని నల్లరాజే ఇబ్బందిలో పడతాడు కాబట్టి ఆ బంటు సులువుగా నిలవదు. ఆరో ఎత్తులో ఏనుగు ఇ1కు రావడంతో ఇ4 బంటుకు గట్టి కాపలా దొరికింది. ఇప్పుడు బిషప్ సి6 గుర్రాన్ని కొట్టి, గుర్రం ఇ5 బంటును కొడితే, మంత్రి డి4కు వచ్చినా ఇ4 దగ్గర పప్పులుడకవు. కాబట్టి నల్లవైపు ఇక ఆగడానికి లేదు, 6...బి5 ఆడి బిషప్‌ను తరిమేయాలి. బి5 ఎత్తు మూడో ఎత్తులోనో నాలుగో ఎత్తులోనో కాకుండా సరిగ్గా ఆరో ఎత్తులోనే ఎందుకు వచ్చిందో దీనితో తేలిపోతుంది. అవసరం పడేదాకా తన మంత్రివైపు బంట్లను ముందుకు నెట్టి బలహీనపరచుకోవడం ఎందుకని నల్లవైపు ఆగింది.

ఎనిమిదో ఎత్తు సి3 సంగతి నా ఓటమి పుణ్యమా అని ముందే చెప్పుకున్నాం. ఇక తొమ్మిదో ఎత్తు హెచ్3 పైకి సోమరి ఎత్తులా కనిపిస్తుంది. తెల్లవైపు అసలు ధ్యేయం డి4. హెచ్3 వేయకుండా తిన్నగా డి4 ఆడితే నల్లబిషప్ జి4కు వచ్చి ఎఫ్3 గుర్రాన్ని కట్టిపడేస్తుంది. ఆ గుర్రమే డి4 బంటుకు ఊతం కాబట్టి నడిమి గడులు కదిలిపోతాయి. ఒక ఎత్తు ఖర్చు పెట్టి ఆ పీడను ముందే వదిలించుకోవడమే హెచ్3. ఇక్కడినుంచి నల్లవైపు దారులు వేరవుతాయి. చిగోరిన్ పేరుతో పిలిచే పద్ధతిలో గుర్రం ఎ5కు వెళ్ళి బి3 బిషప్‌ను తరిమి, సి5 బంటుకు దారి తీస్తుంది. బ్రేయర్ పద్ధతిలోనైతే ఆ గుర్రం తిరిగి బి8 గడికే వెళ్ళిపోతుంది. తొమ్మిది ఎత్తులు ఆడి గుర్రాన్ని పుట్టింటికి పంపడమేమిటని నవ్వు వస్తుంది గాని, డి7 గడి నుంచి అది ఇ5 బంటును కాపాడుతూనే సి బంటుకు, బి7కు రాబోయే బిషప్‌కు దారి ఇస్తుంది. తెల్లవైపు కూడా తక్కువ తినలేదు: బి1 గుర్రం డి2, ఎఫ్1 గడుల మీదుగా జి3కు చేరి రాజువైపు దాడికి సిద్ధమవుతుంది. నడిమి గడులు మూసి ఉన్నాయి కాబట్టే ఇద్దరికీ ఇంత తీరిక దొరికింది. అవి తెరిచి ఉంటే ఇందులో ఒక్క విహారమూ సాధ్యపడదు.

ఎత్తుల క్రమం కూడా అర్థంలో భాగమేనని చూపడానికి ఇక్కడే ఒక ఉదాహరణ ఉంది. ఏడో ఎత్తులో నల్లవైపు డి6 బదులు ముందుగా 0-0 ఆడి, 8. సి3 తరువాత 8...డి5 అని ఒకేసారి రెండు గడులు దూకితే అది మార్షల్ దాడి అవుతుంది. 9. ఇ×డి5 గుర్రం×డి5 10. గుర్రం×ఇ5 గుర్రం×ఇ5 11. ఏనుగు×ఇ5 దాకా వస్తే నల్లవైపు ఒక బంటు పోయింది. కాని తెల్లవైపు సి3కి ఒక ఎత్తు ఖర్చు చేసింది, దాని మంత్రివైపు గుర్రం, బిషప్ ఇంకా ఇంటి దగ్గరే ఉన్నాయి, నల్లబిషప్‌లు తెల్లరాజు కోట మీదికి గురిపెట్టబోతున్నాయి. ఫ్రాంక్ మార్షల్ 1918లో న్యూయార్క్‌లో దీన్ని కాపబ్లాంకా మీద ప్రయోగించి ఓడిపోయాడు, అయినా ఆ దాడి ఇప్పటికీ అగ్రశ్రేణి ఆటగాళ్ళ చేతుల్లో బతికే ఉంది. ఓడిన ఆట నుంచి పుట్టిన ఓపెనింగుకు అంత గౌరవం దక్కడం అరుదు.

ఇటాలియన్ ఆట గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే సి3, డి4 అనే అదే ఆశయం ఇక్కడా పనిచేస్తుంది. 1. ఇ4 ఇ5 2. గుర్రం ఎఫ్3 గుర్రం సి6 3. బిషప్ సి4 బిషప్ సి5 4. సి3 గుర్రం ఎఫ్6 తరువాత వెంటనే డి4 ఆడితే మార్పిడి అయ్యాక నల్లబిషప్ బి4 నుంచి చెక్ చెప్పి ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే ఈ కాలపు ఆటగాళ్ళు ముందు డి3తో సరిపెట్టుకుని, అన్నీ అమర్చుకున్నాక డి4కు వెళ్తారు. నల్లవైపు మూడో ఎత్తులో బిషప్ బదులు గుర్రం ఎఫ్6 ఆడితే మాత్రం 4. గుర్రం జి5 డి5 5. ఇ×డి5 అనే పదునైన వరుసను తెలుసుకోవాలి. అప్పుడు 5...గుర్రం×డి5 సహజంగా కనిపించినా 6. గుర్రం×ఎఫ్7 రాజు×ఎఫ్7 7. మంత్రి ఎఫ్3 చెక్ తరువాత గుర్రాన్ని నిలబెట్టుకోవడానికి నల్లరాజు ఇ6 దాకా నడవవలసి వస్తుంది. అందుకే ఎక్కువమంది 5...గుర్రం ఎ5 ఆడి, బంటును వదులుకుని, బదులుగా బిషప్‌ను తరిమి చొరవ తీసుకుంటారు.

క్వీన్స్ గ్యాంబిట్: పేరుకే బలి

1. డి4 డి5 2. సి4. గ్యాంబిట్ అంటే ఏదో ఒకటి బలిచ్చి చొరవ కొనుక్కోవడం. ఇక్కడ బలి నిజం కాదని తెలుసుకోవడానికి, నల్లవైపు బంటును కొట్టి పట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో చూడాలి: 2...డి×సి4 3. ఇ3 బి5 4. ఎ4 సి6 5. ఎ×బి5 సి×బి5 6. మంత్రి ఎఫ్3. ఎఫ్3 నుంచి ఎ8 దాకా మూలగా ఉన్న గడులన్నీ ఖాళీ. ఏనుగును కాపాడుకోవాలంటే గుర్రాన్నో బిషప్‌నో ధారపోయాలి. కాబట్టి బంటును కొట్టే ఆటగాడు దాన్ని దాచుకోవడానికి కాక, తెల్లవైపు దాన్ని తిరిగి తీసుకునేలోగా తన పావులను మోహరించుకోవడానికే కొడతాడు.

కొట్టకుండా 2...ఇ6 ఆడే నిరాకరణ వరుసలో ఇంకో ముచ్చటైన పాఠం ఉంది. 3. గుర్రం సి3 గుర్రం ఎఫ్6 4. బిషప్ జి5 తరువాత నల్లవైపు రెండో గుర్రాన్ని డి7కు తెస్తుంది. ఎఫ్6 గుర్రం మంత్రికి అడ్డుగా కట్టుబడి ఉంది కదా, మరి డి5 బంటుకు రక్షణ ఏది? ఆశపడి 5. సి×డి5 ఇ×డి5 6. గుర్రం×డి5 అన్నామో, 6...గుర్రం×డి5 అని ఆ కట్టుబడ్డ గుర్రమే తెంచుకుంటుంది. 7. బిషప్×డి8 అని మంత్రిని చంపితే 7...బిషప్ బి4 చెక్, దానికి తెల్లమంత్రి డి2లో అడ్డుపడటం తప్ప దారి లేదు. లెక్కలు తేలేసరికి నల్లవైపు ఒక బంటు పోగొట్టుకుని ఒక గుర్రం ఎక్కువగా సంపాదించుకుంటుంది. దీనికి ఏనుగు ఉచ్చు అని పేరు. ఉచ్చులను ఎదుటివాళ్ళ మీద పన్నడానికి నేర్చుకుంటే ఒకటి రెండు సార్లు పనికివస్తాయి. ఈ బంటుకు రక్షణ లేదనిపించినా నిజంగా ఎందుకు ఉందో తెలుసుకోవడానికి నేర్చుకుంటే ప్రతి ఆటలోనూ పనికివస్తాయి.

1927లో బ్యూనస్ ఏర్స్‌లో అలెఖిన్, కాపబ్లాంకా ప్రపంచ టైటిల్ కోసం 34 ఆటలు ఆడితే, అందులో 32 ఆటలు ఈ నిరాకరణ వరుసలోనే నడిచాయి. ఒకే ఓపెనింగు మీద ఇద్దరు మహా ఆటగాళ్ళు అంత మొండిగా తిరగడానికి కారణం ఎత్తుల జాబితా కాదు, వాటి నుంచి పుట్టే బంట్ల అమరికలు. ఉదాహరణకు సి4 బంటు డి5 దగ్గర మారిపోయి, నల్లవైపు ఇ బంటుతో తిరిగి కొట్టాక, మంత్రివైపు తెల్లబంట్లు రెండు, నల్లబంట్లు మూడు మిగులుతాయి. తెల్లవైపు ఆ రెండిటినే బి4, బి5 అంటూ ముందుకు నెట్టి మూడిటి మీదికి వెళ్తుంది. తక్కువ బలంతో ఎక్కువ బలం మీదికి వెళ్ళడం వింతగా ఉంటుంది గాని, మార్పిడి జరిగాక నల్లవైపు సి6 దగ్గర వెనకబడిన బలహీన బంటు మిగిలిపోయి, తెరుచుకున్న వరుసలో తెల్లఏనుగులకు శాశ్వతమైన గురిగా నిలుస్తుంది. నల్లవైపు అది జరిగేలోగా గుర్రాన్ని ఇ4లో నాటి రాజువైపు దాడి చేయాలి. ఈ రెండు పథకాలు తెలిసిన ఆటగాడు పదో ఎత్తు తరువాత పుస్తకం అయిపోయిందని బెంబేలెత్తడు.

నల్లపావులకు ఏది ఎంచుకోవాలి?

ఇ4కు జవాబుగా ఒకటి, డి4కు జవాబుగా ఒకటి, తెల్లపావులతో ఒకటి, మొత్తం మూడు చాలు. కనీసం ఏడాదిపాటు వాటిని మార్చకండి. ప్రతి ఓటమి తరువాత ఓపెనింగును నిందించి కొత్తది పట్టుకోవడం చాలామందికి ఉన్న జబ్బు. ఓటములలో ఎక్కువ భాగం ఇరవయ్యో ఎత్తు తరువాత జరిగిన పొరపాట్ల వల్లనే వస్తాయి.

ఇ4కు ఎదురుగా ఇ5 ఆడటం మీకు రుచించకపోతే ఫ్రెంచ్, కారో-కాన్ రక్షణలను పక్కపక్కన పెట్టి చూడండి. 1834లో లండన్, పారిస్ నగరాల మధ్య ఉత్తరాల ద్వారా నడిచిన పోటీ నుంచి ఫ్రెంచ్ రక్షణకు ఆ పేరు వచ్చింది. 1. ఇ4 ఇ6 2. డి4 డి5 3. ఇ5 దగ్గర రెండువైపులా బంట్లు గొలుసుగా బిగుసుకుంటాయి. నల్లవైపు గొలుసు తలను కాకుండా మొదలును, అంటే డి4 బంటును, సి5తో కొడుతుంది. దీనికి చెల్లించే మూల్యం సి8 బిషప్. ఇ6 బంటు దాని ముఖాన తలుపు వేసేసింది, ఆట సగం గడిచినా అది బయటపడకపోవచ్చు. కారో-కాన్‌లో ఇ6 బదులు సి6 ఆడి అదే డి5ను వేస్తారు, అప్పుడు 3. ఇ5కు బిషప్ ఎఫ్5 అని ఆ పావు స్వేచ్ఛగా బయటికి వస్తుంది. ఇక్కడా మూల్యం ఉంది: తరువాత సి5 ఆడవలసి వస్తే అదే బంటుకు రెండు ఎత్తులు ఖర్చవుతాయి. రెండింటిలో ఏది మంచిదని అడిగే బదులు ఏ కష్టం మీరు ఓర్చుకోగలరో ఎంచుకోవాలి.

సిసిలియన్ రక్షణ, 1. ఇ4 సి5, అందరికంటే ఎక్కువమంది ఆడే పోరాట మార్గమే. పక్క బంటును ఇచ్చి నడిమి బంటును తీసుకోవడం, సి వరుసను ఏనుగుకు తెరవడం దాని సారాంశం. కాని దాని పదునైన శాఖలలో ఒక్క ఎత్తు మరిచిపోయినా ఆట అక్కడితో సరి. మొదటి ఓపెనింగుగా నేను దాన్ని ఎవరికీ సిఫారసు చేయను.

సాధన చేసే తీరు

ఒక ఓపెనింగును ఎంచుకున్నాక దాని ప్రధాన వరుసను కాగితం మీద రాసుకుని, ఒక అట్టముక్కతో కప్పి, ఒక్కో ఎత్తునే కిందికి జరుపుతూ చూడండి. తరువాతి ఎత్తు కనబడకముందే మీరైతే ఏమి ఆడేవారో తేల్చుకోండి. మీ ఎత్తు పుస్తకపు ఎత్తుకు భిన్నంగా ఉంటే సంతోషించాలి, ఎందుకంటే నేర్చుకోవలసింది సరిగ్గా అక్కడే ఉంది. మీ ఎత్తుకు ప్రత్యర్థి ఇచ్చే శిక్ష ఏమిటో బల్ల మీద వెతకండి. శిక్ష దొరకకపోతే ఇంజిన్‌ను, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామును, అడగవచ్చు. అయితే ఇంజిన్ చూపే అంకెను జవాబుగా తీసుకోవద్దు. రెండు ఎత్తుల మధ్య బంటు విలువలో నాలుగో వంతు తేడా చూపినప్పుడు మనలాంటి వాళ్ళకు ఆ తేడాతో పనిలేదు. పెద్ద తేడా చూపినప్పుడు, అది చూపే వరుసను చివరిదాకా ఆడి ఏ పావు ఎందుకు పోయిందో కనుక్కోవాలి.

వరుసలు మాత్రమే కాకుండా ఆ ఓపెనింగులో ఆడిన పూర్తి ఆటలను, ముగింపు దాకా, ఒక ఇరవై వరకు చూడండి. పాత ఆటలు దీనికి మరింత అనుకూలం. ఇప్పటి అగ్రశ్రేణి ఆటల్లో ఇద్దరూ ఒకరి పథకాన్ని ఒకరు ముందే భగ్నం చేసుకోవడం వల్ల పథకం మొత్తం బయటికి కనిపించదు, పాత ఆటల్లో ఒకవైపు వాళ్ళు ఏమరడం వల్ల అది మొదటి నుంచి చివరి దాకా విప్పి చెప్పినట్టు కనిపిస్తుంది.

మీరు ఆడిన ప్రతి ఆట తరువాత ఒక నోటుపుస్తకంలో ఒకే ఒక్క విషయం రాసుకోండి: మీకు తెలిసిన దారి నుంచి ఆట ఏ ఎత్తు దగ్గర పక్కకు తిరిగింది, ఆ ఎత్తు ఏ పనిని చేయకుండా వదిలేసింది. నా నోటుపుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది. స్పానిష్‌లో 6. ఏనుగు ఇ1 తరువాత ప్రత్యర్థి బి5 ఆడలేదు, 6...0-0 అని ముచ్చటగా కోట కట్టుకున్నాడు. పాత అలవాటు ప్రకారం నా చెయ్యి సి3 కోసం బంటు వైపు వెళ్ళింది, మధ్యలో ఆగింది. బి5 ఎందుకు ఆడతారు? బిషప్‌తో గుర్రాన్ని కొట్టి ఇ5 బంటును తీసుకోకుండా ఆపడానికి. ఆపలేదు కదా! 7. బిషప్×సి6 డి×సి6 8. గుర్రం×ఇ5, నల్లమంత్రి డి4కు వచ్చింది, 9. గుర్రం ఎఫ్3, ఈసారి ఇ4 దగ్గర ఏనుగు కాపలా ఉంది. పేజీ అంచున రాసుకున్నది రెండే మాటలు: బంటు ఉచితం.